పక్క వరుస జడ్జి

ఔత్సాహికుల ఫిట్‌నెస్ పోటీ ఏది ముగిసినా మరునాటికి ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. "మా వరుసలో జడ్జి మరీ కఠినం, పక్క వరుసలో ఆయన ఏది చేసినా లెక్కేశాడు" అన్నది దాని సారాంశం. ఓడినవాళ్లు చెప్పుకొనే సాకు అని దీన్ని నవ్వి వదిలేయడమే హుందాతనమని వ్యాయామశాలల్లో చాలామంది భావిస్తారు. నేను ఇలాంటి పోటీల్లో పాల్గొన్నాను, స్వచ్ఛందంగా జడ్జిగానూ నిలబడ్డాను. ఈ ఫిర్యాదులో సాకు పాలు ఎంత ఉన్నా, దాని కింద ఒక నిజమైన ప్రశ్న ఉందనీ, ఆ ప్రశ్నను నిర్వాహకులు ఇంతవరకూ సరిగా పట్టించుకోలేదనీ నాకు చాలాకాలంగా అనిపిస్తూ వచ్చింది. ఈమధ్య ఒక మిత్రుడు పంపిన రెండు వీడియోలు చూశాక దీని గురించి వివరంగా రాయక తప్పదనుకున్నాను.

ఆ రెండూ ఒకే హీట్‌లోనివి, అంటే ఒకేసారి పోటీపడే ఒకే బృందంలోనివి, పక్కపక్క వరుసలవి. ఇద్దరూ వాల్ బాల్స్ చేస్తున్నారు, అంటే బరువైన బంతి పట్టుకొని కూర్చుని లేస్తూ దాన్ని గోడ మీది లక్ష్యానికి విసురుతున్నారు. ఇద్దరూ అలసిపోయాక దాదాపు ఒకే లోతు దగ్గర, అంటే తుంటి మడత మోకాలికి సమానంగా వచ్చీ రానట్టుగా ఉన్న చోట, కూర్చోవడం ఆపి పైకి లేస్తున్నారు. ఒక జడ్జి అలాంటి ప్రతి రెప్‌కూ, అంటే ఆ కదలిక ఒక్కొక్కసారి చేసినప్పుడల్లా, చెయ్యి అడ్డంగా ఊపి "నో రెప్" (ఇది లెక్కలోకి రాదు) అంటున్నాడు. రెండో జడ్జి వాటిని నిరాటంకంగా లెక్కపెడుతున్నాడు. మొదటి జడ్జి వరుసలోని పోటీదారు ఫైనల్‌కు వెళ్లలేదు, రెండో జడ్జి వరుసలోని పోటీదారు వెళ్లాడు. ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఏమిటంటే, ఇద్దరు జడ్జీలలో ఎవరినీ తప్పుపట్టడం కష్టం. ఇద్దరూ మొదటి రెప్ నుంచి చివరి రెప్ వరకు తమ తమ కొలతను మార్చలేదు. మొదటివాడు నియమాన్ని అక్షరాలా పాటించాడు, రెండోవాడు సందేహం వస్తే పోటీదారు పక్షాన ఉండాలనుకున్నాడు. ఆ ఇద్దరి కింద పోటీ చేసినవాళ్ల పేర్లు ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడే అన్యాయం పుట్టింది.

నా వాదన ఇది. ఔత్సాహిక పోటీలలో అన్యాయానికి ముఖ్య కారణం పక్షపాతం కాదు, కఠినత్వం కాదు, ఉదారత కూడా కాదు. ఒక జడ్జికీ మరో జడ్జికీ మధ్య కొలత తేడా ఉండటం. ఆ తేడాను తగ్గించడం జడ్జి మనస్సాక్షికి వదిలేయవలసిన పని కాదు, పోటీని రూపొందించేవారు ముందుగానే చేయవలసిన పని.

కనిపించే నష్టం, కనిపించని నష్టం

జడ్జి చేసే పొరపాట్లు రెండు రకాలు. సరైన రెప్‌ను కాదనడం ఒకటి, సరికాని రెప్‌ను అవుననడం మరొకటి. ఫలితాల పట్టిక దృష్టిలో రెంటికీ ఒకే విలువ, ఎందుకంటే ఒక స్థానం అటూ ఇటూ కావడానికి ఏదైనా సరిపోతుంది. జడ్జి అనుభవంలో మాత్రం ఈ రెంటికీ పోలిక లేదు. మొదటి పొరపాటు జరిగిన క్షణంలోనే నష్టపోయినవాడు కళ్లెదుట ఉంటాడు: రొప్పుతూ, నమ్మలేనట్టు చూస్తూ, వెనక అతని స్నేహితులు అరుస్తూ ఉంటారు. రెండో పొరపాటు జరిగినప్పుడు ఎవరి ముఖమూ మారదు. నష్టపోయేవాడు ఎక్కడో దూరపు వరుసలోనో, ఇంకా మొదలుకాని హీట్‌లోనో ఉంటాడు. తాను నష్టపోయిన సంగతి అతనికే తెలియదు, ఇక జడ్జిని నిలదీసేదెవరు?

అందువల్ల జడ్జి మీద పడే ఒత్తిడి అంతా ఒకే దిక్కుకు నెడుతుంది. కొందరు ఆ ఒత్తిడికి లొంగుతారు, కొందరు లొంగరు, ఎక్కువమంది కొంతసేపు నిలబడి ఆ తర్వాత మెత్తబడతారు. పోటీ ఉదయం హీట్‌లలో వినిపించే నో రెప్‌లు సాయంత్రానికి పలచబడటం నేను గమనించాను. అలసిపోయేది పోటీదారులు మాత్రమే కాదు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. తొలి పది రెప్‌లను కాస్త తక్కువ లోతులోనే ఒప్పుకున్న జడ్జి, పదకొండో రెప్ దగ్గర "ఇది చాలడం లేదు" అని గ్రహించాడనుకుందాం. ఇప్పుడు అతను ఏం చేయాలి? నియమం ప్రకారం నో రెప్ ఇవ్వాలి. కానీ ఇస్తే పోటీదారుకు అది పూర్తిగా అర్థంలేని శిక్షగా కనిపిస్తుంది, ఎందుకంటే అతను ఇంతసేపూ అదే లోతుకు వెళ్లాడు. కాబట్టి చాలామంది జడ్జీలు తమతో తాము నిలకడగా ఉండటం కోసం మొదటి కొలతనే కొనసాగిస్తారు. ఇక్కడ నిలకడ అనే గుణమే రెండుగా చీలిపోతుంది: జడ్జి తన వరకూ తాను నిలకడగా ఉండటం ఒకటి, పక్కవాడితో సమానంగా ఉండటం మరొకటి. మొదటిది ఎంత గట్టిగా ఉంటే రెండోది అంత దెబ్బతినే సందర్భాలు ఉన్నాయి. "నేను అందరినీ ఒకేలా చూశాను" అని ఒక జడ్జి నిజాయితీగా చెప్పగలడు, అయినా పోటీ మొత్తంగా అన్యాయంగా జరిగి ఉండవచ్చు.

కంటికి అందని నియమాలు

జడ్జీల సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాను. పోటీ మొదలయ్యే ముందు ప్రధాన జడ్జి అందరినీ నిలబెట్టి ప్రతి కదలికనూ చేయించి చూపిస్తాడు. ముందు కూర్చుని లేచే స్క్వాట్ చక్కటిది ఒకటి చేయిస్తాడు, ఇది రెప్. తర్వాత సగం కూడా దిగని స్క్వాట్ చేయిస్తాడు, ఇది నో రెప్. అందరూ తలలూపుతారు. ఆ రెంటి విషయంలో ఎవరికీ ఎప్పుడూ భేదాభిప్రాయం లేదు, రాదు కూడా. తగవంతా ఆ రెంటి మధ్య ఉన్న బెత్తెడు దూరంలో ఉంటుంది. ఒకసారి నేను "నడుమ ఉన్నది కూడా చూపించండి" అని అడిగితే, "అది మీ విచక్షణ" అన్నారు. పోటీ ఫలితాన్ని తేల్చేది సరిగ్గా ఆ విచక్షణే అయినప్పుడు, దాన్ని పదిమందికి పది రకాలుగా పంచిపెట్టడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

విచక్షణ సంగతి అటుంచితే, కొన్ని నియమాలు అసలు కంటికి అందేలా లేవు. తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి రావాలన్నది కాగితం మీద చాలా స్పష్టమైన నియమం. ఎదురుగా నిలబడి చూసే జడ్జికి అది కనిపించదు, పక్క నుంచే కనిపిస్తుంది. పక్క నుంచి చూసినా వదులుగా ఉన్న నిక్కరు మడత ఎక్కడుందో దాచేస్తుంది. చూసే కోణం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఫుట్‌బాల్ నుంచి ఒక మంచి ఆధారం ఉంది. 2000లో నేచర్ పత్రికలో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, ఆఫ్‌సైడ్ విషయంలో సహాయ రిఫరీలు చేసే పొరపాట్లకు వాళ్లు నిలబడిన చోటు నుంచి ఏర్పడే దృష్టి కోణమే కారణం కాగలదని చూపించింది. అజాగ్రత్త వల్లో దురుద్దేశం వల్లో కాదు, రెండడుగులు ముందుకో వెనక్కో ఉండటం వల్ల. మన పోటీలలో జడ్జి ఎక్కడ నిలబడాలో నేల మీద గీత గీసి చెప్పే నిర్వాహకులు ఎంతమంది ఉన్నారు?

వాల్ బాల్ సంగతి ఇంకా కష్టం. పరుగు, వ్యాయామ అంకాలు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే హైరాక్స్ పోటీలో పురుషుల లక్ష్యం 3 మీటర్ల ఎత్తున, స్త్రీల లక్ష్యం 2.7 మీటర్ల ఎత్తున ఉంటుంది. జడ్జి కింద తుంటి లోతు చూడాలి, మరుక్షణం తలెత్తి బంతి లక్ష్యాన్ని తాకిందో లేదో చూడాలి, మళ్లీ కిందికి చూడాలి. ఈ అంకం ఎనిమిది స్టేషన్లలో చివరిది, అప్పటికే పోటీదారు మొత్తం 8 కిలోమీటర్లు పరిగెత్తి ఉంటాడు. తేడాలు సెకన్లలో తేలే ఘట్టంలో అన్నిటికంటే చూడటం కష్టమైన కదలికను పెట్టారన్నమాట. చూసేవాళ్లకు అది గొప్ప దృశ్యమే, కాదనను. ఒక్క జత కళ్లకు మాత్రం అది రెండు పనులు.

నియమం అందరికీ ఒకేలా అమలైనంత మాత్రాన న్యాయం జరిగిందనుకోవడానికీ లేదు. వారానికో వ్యాయామం ప్రకటించే క్రాస్‌ఫిట్ ఓపెన్ పోటీలో, 2018లో నాలుగో వారం హ్యాండ్‌స్టాండ్ పుష్‌అప్‌కు, అంటే గోడకు ఆనుకొని తలకిందులుగా నిలబడి చేతులతో దేహాన్ని పైకి నెట్టే కదలికకు, పెట్టిన కొలత ఇందుకు ఉదాహరణ. ఒక్కొక్కరి శరీర కొలతలను బట్టి గోడ మీద గీత గీయాలి, పైకి లేచినప్పుడు మడమలు ఆ గీతను దాటాలి. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే ఎవరి శరీరానికి తగిన గీత వారికి వస్తుంది, జడ్జి ఊహించవలసిన అవసరం తగ్గుతుంది. ఆచరణలో మాత్రం ఆ గీతను అందుకోలేక ఎందరో నో రెప్‌ల పాలయ్యారు, అందులో ఆ కదలికను అంతకుముందు ఏళ్ల తరబడి సాఫీగా చేసినవాళ్లూ ఉన్నారు. కచ్చితంగా కొలవడం, కొలవవలసినదాన్ని కొలవడం వేరువేరు సంగతులు.

అలాగని కొలత పనిని యంత్రాలకు అప్పజెబితే సరిపోతుందనే వాదన ఉంది. రోయింగ్ యంత్రం మీద వెయ్యి మీటర్లు అంటే తెర మీద అంకె వెయ్యి చూపాలి, ఇందులో జడ్జికి పనే లేదు. బరువైన బార్‌బెల్ నేల మీది నుంచి లేచిందా లేదా అన్నది కూడా కాస్త అటూ ఇటూగా అలాంటిదే. నిర్వాహకులు ఇలాంటివే ఎక్కువ ఎంచుకోవాలని నేనూ అంటాను, ఒక మేరకు. కానీ అన్నీ అవే అయితే పోటీ పలచబడిపోతుంది. దేహాన్ని తలకిందులుగా నిలబెట్టడం, కడ్డీకి వేలాడి పైకి లేవడం లాంటి నేర్పులన్నీ బయటికి పోతాయి. పైగా యంత్రం ఉన్నంత మాత్రాన సమానత్వం వచ్చేయదు. హైరాక్స్‌లో బరువులు పెట్టిన స్లెడ్‌ను తివాచీ మీద నెట్టే అంకంలో జడ్జి చూడవలసింది చాలా తక్కువ, అయినా వేర్వేరు వేదికల్లో పరిచిన తివాచీల రాపిడి తేడా వల్ల సమయాలు మారిపోతాయని ఆ పోటీల్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు.

ముగ్గురు చూస్తే

మూడు రకాలుగా బరువులు ఎత్తే పవర్‌లిఫ్టింగ్ ఈ సమస్యను చాలా ముందే ఎదుర్కొంది. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పద్ధతిలో ప్రతి ప్రయత్నాన్నీ ముగ్గురు రిఫరీలు చూస్తారు, ఇద్దరు తెల్ల దీపం వేస్తే చాలు. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒక్కసారిగా వెలగాలన్న నియమం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పక్కవాడి తీర్పు చూసి తన తీర్పు మార్చుకునే అవకాశం దానివల్ల ఉండదు. కాదన్న రిఫరీ ఏ కారణంతో కాదన్నాడో రంగు కార్డుతో తెలపాలి. స్క్వాట్‌లో లోతు చాలకపోతే ఎర్ర కార్డు.

ముగ్గురు ఉంటే ఎంత మేలు? ఒక్కొక్కరు పదింటికి ఒకటి తప్పు చెబుతారనీ, ఎవరి తప్పు వారిదేననీ అనుకుందాం. అప్పుడు మెజారిటీ తీర్పు తప్పయ్యేది నూటికి మూడుకన్నా తక్కువసార్లు. ఒక్క జడ్జి ఉంటే నూటికి పది. చాలా పెద్ద తేడా. అయితే ఈ లెక్క అంతా "ఎవరి తప్పు వారిది" అన్న మాట మీద నిలబడి ఉంది. ముగ్గురినీ ఒకే కేక, ఒకే పేరున్న ఆటగాడు, ఒకే రకమైన శిక్షణ లోపం ప్రభావితం చేస్తే ముగ్గురూ కలిసే పొరబడతారు, ముగ్గురున్నా ఒక్కరున్నట్టే.

అసలు ఇబ్బంది ఖర్చు దగ్గర వస్తుంది. పవర్‌లిఫ్టింగ్‌లో ఒక పోటీదారుకు మొత్తం 9 ప్రయత్నాలు, వేదిక ఒక్కటే, ఒక్కరి తర్వాత ఒక్కరు. మన ఫిట్‌నెస్ పోటీలో పది వరుసల్లో పదిమంది ఒకేసారి వందల రెప్‌లు చేస్తుంటారు. వరుసకు ముగ్గురిని పెట్టాలంటే ముప్పైమంది శిక్షణ ఉన్న జడ్జీలు కావాలి, ఒక్కరిని పెట్టడానికే స్నేహితుల స్నేహితులను బతిమాలుకొనే పరిస్థితి. అందుకే "పవర్‌లిఫ్టింగ్‌లాగా చేయండి" అనే సలహా వినడానికి బాగుంటుంది కానీ ఇక్కడ పనికిరాదు. అంతేకాదు, అక్కడ కూడా అంతా సవ్యంగా లేదు. బల్ల మీద వెల్లకిలా పడుకొని బరువు నెట్టే బెంచ్ ప్రెస్‌లో నడుమును విపరీతంగా విల్లులా వంచి బార్ కదిలే దూరాన్ని బాగా తగ్గించుకోవడాన్ని అదుపు చేయడానికి 2023 నుంచి ఒక నియమం వచ్చింది: రెండు మోచేతుల అడుగుభాగం భుజాల కీళ్ల పైభాగానికి సమానంగానైనా, దానికంటే కిందికైనా రావాలి. ఉద్దేశంతో నేను ఏకీభవిస్తాను. అయినా బరువు పలకల మధ్య నుంచి, కదులుతున్న మోచేతి అడుగును, కదలని భుజం పైభాగంతో పోల్చి చూడటం ఎంత శిక్షణ ఉన్న కంటికైనా కష్టమే. నియమం గట్టిపడిన కొద్దీ దాన్ని చూడటమూ కష్టమైతే, జడ్జీల మధ్య తేడా తగ్గడానికి బదులు పెరగవచ్చు.

జడ్జీలు ఎంత బాగా ఏకీభవిస్తున్నారో తెలుసుకోవడం కూడా కనిపించినంత సులువు కాదు. "మా జడ్జీలు నూటికి ఎనభైకి పైగా రెప్‌ల విషయంలో ఒకటే మాట చెప్పారు" అని ఎవరైనా గొప్పగా అంటే నేను తొందరపడి సంతోషించను. నూటికి తొంభై రెప్‌లను ఇద్దరు జడ్జీలు కళ్లు మూసుకొని యాదృచ్ఛికంగా ఒప్పుకుంటూ పోయినా వాళ్ల తీర్పులు నూటికి 82 సార్లు కలుస్తాయి. ఈ కాకతాళీయ అంగీకారాన్ని తీసేసి మిగిలినదాన్ని మాత్రమే లెక్కించే కప్పా అనే కొలతను జేకబ్ కోహెన్ 1960లోనే ప్రతిపాదించాడు. వైద్యులు ఎక్స్‌రేలు చదవడంలో ఎంత ఏకీభవిస్తారో చూడటానికి కూడా దాన్ని వాడుతున్నారు. ఫిట్‌నెస్ పోటీలకు అది తీసుకురావడానికి ఒక కాగితం, ఒక సాయంత్రం చాలు.

వేదిక మీది శరీరాలు

లెక్కపెట్టడానికి ఏమీ లేని పోటీలూ ఉన్నాయి. శరీర సౌష్ఠవ పోటీల్లో జడ్జీలు పోటీదారులను పక్కపక్కన నిలబెట్టి, పోల్చి, స్థానాలు ఇస్తారు; చాలా సమాఖ్యల్లో ఒక్కొక్క పోటీదారుకు వచ్చిన అత్యధిక, అత్యల్ప స్థానాలను తీసేసి మిగిలినవి కూడతారు. ఒక్క జడ్జి తనవాడిని ఎత్తాలనుకుంటే ఇది అడ్డుకుంటుంది. నిజానికి అడ్డుకోవలసిన ప్రమాదం అదొక్కటే అయితే బాగుండేది.

కొన్నిచోట్ల కొత్తవాళ్లకు జడ్జి అర్హత ఇచ్చే ముందు వాళ్లు ఇచ్చిన స్థానాలను అసలు జడ్జీల బృందం ఇచ్చినవాటితో పోల్చి చూస్తారు. పైకి ఇది నిలకడను పెంచే చక్కని పద్ధతి. కానీ ఆ స్థానంలో ఉన్న కొత్త జడ్జి ఏం నేర్చుకుంటాడో ఆలోచించండి. ఎదుట ఉన్న శరీరాన్ని తన కళ్లతో చూడటం కంటే, మిగతావాళ్లు దీనికి ఏ స్థానం ఇస్తారో ఊహించడం అతనికి ఎక్కువ ఉపయోగం. అలా తయారైన బృందం చక్కగా ఏకీభవిస్తుంది, ఒక శరీరాన్ని సరిగా చూసి విడిగా నిలిచిన జడ్జి మార్కు అత్యధికమో అత్యల్పమో అయి కొట్టుకుపోతుంది. నిలకడ కావాలని ఇంతసేపూ వాదించిన నాకు ఇక్కడ సందేహం కలుగుతుంది. రెప్‌ల విషయంలో జడ్జీలందరూ ఒకటి కావాలనడానికి కారణం, బయట ఒక నియమం ఉండి అందరూ దానికి కట్టుబడటం. అలాంటి నియమం సగమే ఉన్నచోట ఏకాభిప్రాయం ఒక్కోసారి అభిరుచిని నియమంగా మార్చేస్తుంది. ఈ పోటీలకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కనీసం ప్రతి జడ్జి ఇచ్చిన స్థానాలను పోటీదారులకు చూపించాలని మాత్రం గట్టిగా అంటాను.

ఆశించినది కనిపించడం అనే జబ్బు రెండు రకాల పోటీలకూ ఉంది. జిమ్నాస్టిక్స్ జట్టు పోటీల్లో బలమైనవాళ్లను చివర దించడం ఆనవాయితీ. 1999లో హెన్నింగ్ ప్లెస్నర్ ప్రచురించిన ప్రయోగంలో, ఒకే ప్రదర్శనను జట్టులో మొదటి స్థానంలో చూపినప్పటి కంటే ఐదో స్థానంలో చూపినప్పుడు జడ్జీలు ఎక్కువ మార్కులు ఇచ్చే ధోరణి కనిపించింది. మన పోటీల్లోనూ బలమైనవాళ్లంతా చివరి హీట్‌లో ఉంటారు. ఆ హీట్‌లో నిలబడే జడ్జి మంచి కదలికలు చూడబోతున్నానని ముందే అనుకుంటాడు, అవే చూస్తాడు. అదే లోతున్న స్క్వాట్ మొదటి హీట్‌లో అపరిచితుడు చేస్తే ఆ జడ్జి ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

"పోటీయే కదా, పోనిద్దురూ"

నా వాదనకు వచ్చే అభ్యంతరాలలో నేను నిజంగా గౌరవించేది ఒకటి ఉంది. ఇవి ఔత్సాహికుల పోటీలు, ఇక్కడ ఎవరి జీవనోపాధీ ఆధారపడి లేదు, మొదటిసారి ధైర్యం చేసి వచ్చినవాళ్లను పదేపదే నో రెప్ అంటూ నిలబెడితే వాళ్లు మళ్లీ రారు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. పోటీ తర్వాత వ్యాయామమే మానేసినవాళ్లు నాకు తెలుసు.

అయితే ఈ దయ ఎవరు చూపాలన్నది వేరే ప్రశ్న. నేను జడ్జిగా ఉన్న ఒక హీట్‌లో, నడివయసు దాటిన ఒకావిడ తొలిసారి పోటీకి వచ్చారు. ఆవిడ స్క్వాట్లు కొన్ని కొద్ది తేడాతో పైనే ఆగిపోతుంటే నో రెప్ చెబుతూ వచ్చాను. గట్టు అవతల నుంచి ఒకరు "పాపం, వదిలేయండి సార్" అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. అంతా అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఎంత తక్కువైందో ఒకసారి చూపించండి బాబూ, మా కోచ్ ఎప్పుడూ సరిపోయిందనే అంటాడు" అన్నారు. చూపించాను. పక్కనే ఉన్న పెట్టె పట్టుకొని మూడు నాలుగుసార్లు కూర్చుని లేచి, ఎక్కడ ఆగాలో తొడకు గుర్తుండేలా చూసుకొని వెళ్లిపోయారు. ఆవిడకు నా జాలి అవసరం లేదు, తన లెక్క నిజమైనదని తెలిస్తే చాలు. అందరూ ఆవిడలా ఉంటారని నేననను. కానీ కొత్తవాళ్లందరికీ జాలే కావాలని మనం ముందే తీర్మానించుకోవడంలో కొంత చులకన ఉంది.

మొదటిసారి వచ్చేవాళ్లకు వెసులుబాటు ఇవ్వాలనుకుంటే ఆ నిర్ణయం నిర్వాహకులు ముందే తీసుకోవాలి. వాళ్లకు వేరే విభాగం పెట్టవచ్చు, అందులో స్క్వాట్ కింద ఒక పెట్టె ఉంచి, దానికి తాకితే రెప్ అనవచ్చు, స్థానాలే ప్రకటించకుండా ఉండవచ్చు. అప్పుడు వెసులుబాటు అందరికీ సమానంగా అందుతుంది. జడ్జి అప్పటికప్పుడు తన మనసును బట్టి ఇచ్చే వెసులుబాటు అతని వరుసలో ఉన్నవాళ్లకే అందుతుంది, ఆ వరుస ఎవరికి రావాలో నిర్ణయించేది చీటీ.

ఇంకో అభ్యంతరం జడ్జీల గురించి. వాళ్లు డబ్బు తీసుకోకుండా పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడతారు, వాళ్ల మీద ఇంకా నిఘా పెడితే రేపు ఎవరూ రారు. దీనికి నా సమాధానం సూటిగా ఉండదు. ఎందుకంటే నేనూ అలా నిలబడ్డాను, నీళ్లు తాగడానికి కూడా విరామం దొరకని రోజులున్నాయి. నన్ను నమ్మి, ఏమీ నేర్పకుండా, తప్పు జరిగితే నా మీదికి తోసేసే ఏర్పాటు కంటే, ముందే నా కన్నును సరిచేసి పంపే ఏర్పాటులో నాకు ఎక్కువ గౌరవం ఉందని మాత్రం చెప్పగలను.

ముందే చేయవలసిన పనులు

పోటీ ముగిశాక సరిదిద్దుదామంటే కుదరదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా జిమ్నాస్ట్ యాంగ్ తే యంగ్ ప్యారలెల్ బార్స్ ప్రదర్శన ప్రారంభ విలువను, అంటే దానికి రాగల అత్యధిక మార్కును, 10కి బదులు 9.9గా లెక్కించారు, అన్ని పరికరాల మార్కులు కలిపే వ్యక్తిగత పోటీలో అతనికి కాంస్యం వచ్చింది. జిమ్నాస్టిక్స్ సమాఖ్య పొరపాటును ఒప్పుకొని ముగ్గురు జడ్జీలను సస్పెండ్ చేసింది కూడా. అయినా ఫలితం మారలేదు, క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం స్వర్ణాన్ని అమెరికాకు చెందిన పాల్ హామ్ దగ్గరే ఉంచింది. ఒలింపిక్స్‌లోనే పోటీ అయ్యాక దిద్దడం అంత కష్టమైతే, సాయంత్రం ఆరింటికి హాలు ఖాళీ చేయవలసిన ఔత్సాహిక పోటీలో ఫిర్యాదుల బల్ల దగ్గర న్యాయం దొరుకుతుందని ఆశించడం అత్యాశే.

అందుకే పోటీకి ముందు జడ్జీలందరికీ ఒకే వీడియో చూపించాలి, అందులో సగం రెప్‌లు ఆ నడిమి బెత్తెడులోవి కావాలి, ఎవరికి వారు కాగితం మీద లెక్క రాయాలి, ఆ తర్వాత పోల్చుకోవాలి. పదిమంది పది అంకెలు రాసిన కాగితాలు బల్ల మీద పరిచి చూస్తే, ఎంత ఉపన్యాసం ఇచ్చినా రాని వినయం గదిలో అందరికీ ఒకేసారి వస్తుంది. గడియారం మొదలయ్యే ముందు ప్రతి పోటీదారుతో జడ్జి ఒక రెప్ చేయించి "ఈ లోతు చాలు" అనో "ఇంకొంచెం" అనో చెప్పడం కొన్నిచోట్ల ఉంది, అది అన్నిచోట్లా రావాలి. తన వ్యాయామశాలవాళ్లకు ఎవరూ జడ్జిగా నిలబడకూడదన్నది చెప్పనవసరం లేని సంగతి, అయినా చెప్పవలసి వస్తోంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక అంకానికీ మరో అంకానికీ మధ్య జడ్జీలను వరుసలు మార్చాలి. కఠినమైన జడ్జి, మెత్తని జడ్జి అందరికీ కొంత కొంత తగిలితే మొత్తం లెక్కలో ఆ తేడా చాలా వరకు సర్దుకుంటుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

చివరిది కాస్త వివాదాస్పదం. ప్రతి జడ్జికి ఒక సంఖ్య ఇచ్చి, ఏ హీట్‌లో, ఏ వరుసలో, ఎన్ని రెప్‌లకు ఎన్ని నో రెప్‌లు ఇచ్చారో పట్టిక వేసి ఫలితాలతో పాటు ప్రకటించాలని నేను అంటున్నాను. పేర్లు వద్దు. ఏడో సంఖ్య జడ్జి పదింటికి ఒకటి కాదంటే, మూడో సంఖ్య జడ్జి రోజంతా ఒక్కటీ కాదనలేదంటే, అది ఎవరి మీదా నింద కాదు. వచ్చే పోటీకి ఎవరికి ఏం నేర్పాలో చెప్పే సమాచారం.

దీనికి విరుద్ధమైన దారిలో వెళ్లి చూసిన అనుభవం కూడా ఉంది. 2002 సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో జంటల ఫిగర్ స్కేటింగ్ తీర్పు మీద రేగిన గొడవ తర్వాత, ఎవరు ఏ మార్కు ఇచ్చారో బయటికి తెలియకుండా చేస్తే జడ్జీల మీద ఒత్తిడి తగ్గుతుందని అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య భావించింది. జడ్జీల గుర్తింపును దాచారు. ఒత్తిడి తగ్గిందో లేదో గానీ, బయటివాళ్లు తీర్పులను పరిశీలించే దారి మూసుకుపోయింది. 2016లో ఆ సమాఖ్యే గోప్యతను రద్దు చేసింది. కాబట్టి నేనడుగుతున్న సంఖ్యల పట్టికను కూడా జడ్జీలు మొదట ఇష్టపడరని తెలుసు. సంఖ్య వెనక ఎవరున్నారో చిన్న పోటీలో అందరికీ తెలిసిపోతుందన్న మాటా నిజమే. అలాంటప్పుడు తొలి ఏడాది ఆ పట్టికను జడ్జీలకు మాత్రమే చూపించవచ్చు, పోటీదారులకు రెండో ఏడాది నుంచి చూపించవచ్చు. వచ్చే పోటీలో నన్ను జడ్జిగా పిలిచినవారితో ఈ షరతు గురించి మాట్లాడుతున్నాను, వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.